వైద్య రికార్డుల మార్పిడి: రోగి అనుమతే ఆధారం

(ప్రత్యేక వ్యాసం)

ఒక ఆసుపత్రిలో రోగికి జరిపిన పరీక్షల ఫలితాలు, వాడిన మందుల వివరాలు, వైద్యుని అభిప్రాయం మరొక ఆసుపత్రిలోని వైద్యునికి కంప్యూటరు ద్వారా అందుబాటులోకి వచ్చే విధానం రాష్ట్రంలో క్రమేణా విస్తరిస్తున్నది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరిట దేశవ్యాప్తంగా అమలవుతున్న ఈ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని బోధనాసుపత్రి వరకు, ప్రైవేటు నర్సింగ్‌హోం మొదలుకొని రక్తపరీక్షా కేంద్రం వరకు అన్నిటికీ స్థానం కలదు. దీనివలన కలిగే ప్రయోజనాలను గురించి ప్రచారం బాగానే జరిగినది. అయితే తన సమాచారం ఎవరికి చేరుతుంది, ఎవరి అనుమతితో చేరుతుంది, వద్దని చెప్పే హక్కు తనకు ఉన్నదా అన్న విషయాలు సామాన్య పౌరునికి ఇంకా స్పష్టంగా తెలియవలసి ఉన్నది. ఓపీ కౌంటరు వద్ద సెల్‌ఫోనుకు వచ్చిన ఆరంకెల ఓటీపీని చదివి చెప్పడం కూడా ఒక విధమైన సంతకమే. ఆ సంగతి తెలిసి చెప్పేవారు ఎందరో ఆలోచించుకోవలసిందే.

ఎందుకు అవసరమయినది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చును. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ప్రజలను పీడిస్తున్నది. దాని మూలకారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. తొలిదశలో ఈ వ్యాధి పైకి కనిపించదు. రక్తంలో సీరం క్రియాటినిన్ పరిమాణం ఎంత వేగంగా పెరుగుతున్నదన్న అంశమే వైద్యునికి దారి చూపుతుంది. ఒకనాటి పరీక్షలో వచ్చిన అంకె కంటె, మూడేళ్లపాటు వరుసగా వచ్చిన అంకెలు ఎక్కువ విషయం చెబుతాయి.

కాని ఆ మూడేళ్లలో రోగి తన ఊరిలో జరిగిన వైద్య శిబిరంలో ఒకసారి, మండల కేంద్రంలోని ఆసుపత్రిలో ఒకసారి, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో ఒకసారి, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో మరొకసారి పరీక్ష చేయించుకొని ఉండవచ్చును. సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం వెళ్లేవారూ ఉంటారు. ఈ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో చేరుతాయి. కొన్ని తడుస్తాయి, కొన్ని చిరుగుతాయి, కొన్ని ఇంట్లో ఎక్కడ పెట్టినదీ జ్ఞాపకం ఉండదు. సంచి మరచి వచ్చిన రోగికి మళ్లీ మొదటి నుండి పరీక్షలు తప్పవు. అంతకంటె ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉన్నది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు కొన్ని రకాల నొప్పి మాత్రలు వాడరాదు. మోకాళ్ల నొప్పులని వచ్చిన వ్యక్తి పూర్వపు రికార్డు కళ్లముందు లేనప్పుడు, ఆ మాత్రలే రాసి ఇచ్చే అవకాశం ఉంటుంది.

రోగి వివరాలను కంప్యూటరు ద్వారా పంపడం తెలుగువారికి కొత్త కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి కోసం నివేదికలను ఆసుపత్రులు ఆన్‌లైన్ ద్వారానే ట్రస్టుకు పంపేవి. అయితే అది బిల్లుల చెల్లింపునకు ఉద్దేశించిన మార్గం. సమాచారం ఆసుపత్రి నుండి ట్రస్టుకు వెళ్లేదే గాని, తరువాత చికిత్స చేసే వేరొక వైద్యునికి చేరేది కాదు. ప్రస్తుత విధానం పూరించదలచినది ఆ వెలితినే.

ఈ విధానానికి రూపురేఖలు దిద్దిన జాతీయ డిజిటల్ ఆరోగ్య ప్రణాళిక పత్రం 2019లో వెలువడినది. దానిని రూపొందించిన సంఘానికి ఆంధ్రప్రదేశ్ క్యాడరుకు చెందిన విశ్రాంత ఐఏఎస్ అధికారి శ్రీ జె. సత్యనారాయణ అధ్యక్షత వహించారు. 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా మొదలైన కార్యక్రమం, 2021 సెప్టెంబరు 27 నుండి దేశమంతటికీ విస్తరించినది. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ దీనిని నిర్వహిస్తున్నది.

ఆభా సంఖ్య అంటే ఏమిటి?

కార్యక్రమంలో చేరిన ప్రతి వ్యక్తికి 14 అంకెలు గల ఆభా సంఖ్య కేటాయిస్తారు. దీనికి ఎటువంటి రుసుము లేదు. ఇది ఉచిత వైద్యపు కార్డు కాదు. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యఖర్చు భరించే ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరగా ఉండడం వలన గ్రామాలలో ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సహజమే. ఆభా సంఖ్య కేవలం ఒక గుర్తింపు. ఫలానా ఆసుపత్రిలోని ఫలానా రికార్డు ఈ వ్యక్తిదేనని చూపించే సూచిక మాత్రమే.

ఈ సంఖ్య తీసుకోవడం పూర్తిగా స్వచ్ఛందం. లేదన్న కారణంతో చికిత్స నిరాకరించడానికి వీలులేదు. తీసుకున్నవారు తరువాత వద్దనుకుంటే దానిని నిలుపుదల చేయించుకోవచ్చును, పూర్తిగా రద్దు కూడా చేయించుకోవచ్చును.

ఆభా తీసుకున్న మరుక్షణం ఆ వ్యక్తి వైద్యచరిత్ర అంతా ఢిల్లీలోని ఒక కంప్యూటరులోకి చేరిపోతుందన్న అనుమానం కొందరిలో ఉన్నది. ఈ విధానంలో రికార్డులు ఎక్కడ తయారైనవో అక్కడే ఉంటాయి. కింగ్ జార్జి ఆసుపత్రిలోని కేస్ షీటు ఆ ఆసుపత్రి కంప్యూటరులోనే ఉంటుంది. ప్రైవేటు ల్యాబులోని రక్తపరీక్ష ఫలితం ఆ ల్యాబులోనే ఉంటుంది. మధ్యనున్న జాతీయ వ్యవస్థ అనుమతిని మోసుకొనిపోయే తపాలా బంట్రోతు వంటిది. ఉత్తరం లోపల ఏమి ఉన్నదో దానికి తెలియదు. అనుమతి లభించిన పిదప రికార్డు పంపే ఆసుపత్రి నుండి కోరిన ఆసుపత్రికి సంకేతభాషలో చేరుతుంది. దానిని విప్పే తాళంచెవి కోరిన ఆసుపత్రి వద్ద మాత్రమే ఉంటుంది.

కొన్ని ఆసుపత్రుల ఓపీ విభాగంలో గోడకు అంటించిన క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేసి టోకెన్ తీసుకొనే సదుపాయం 2022 నుండి ఉన్నది. ఇక్కడ ఆసుపత్రికి చేరేవి పేరు, వయస్సు, చిరునామా, ఫోన్ నంబరు వంటి వివరాలు మాత్రమే. పూర్వపు వైద్య రికార్డులు దానివలన తెరుచుకోవు. వాటికి వేరుగా అనుమతి కావాలి.

అనుమతిలో ఏమి చూడాలి?

రికార్డు చూడదలచిన వైద్యుడు లేదా ఆసుపత్రి ముందుగా ఒక అభ్యర్థన పంపాలి. అది రోగి ఫోనులోని ఆభా యాప్‌కు గాని, ఆ సదుపాయం గల మరొక యాప్‌కు గాని చేరుతుంది. ఎవరు అడుగుతున్నారు, ఏ ప్రయోజనం కోసం అడుగుతున్నారు, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు గల రికార్డులు కావాలి, మందుల చీటీలా, పరీక్షా ఫలితాలా, డిశ్చార్జి సమ్మరీయా, ఆ అనుమతి ఎప్పటితో ముగుస్తుంది అన్న వివరాలన్నీ అందులో ఉండాలి. రోగి మొత్తం అంగీకరించవచ్చును, మొత్తం తిరస్కరించవచ్చును. కొంతభాగానికే అనుమతి ఇచ్చి, గడువును కుదించడానికి కూడా అవకాశం ఉన్నది. పంటినొప్పికి వెళ్లిన వ్యక్తి పదేళ్లనాటి మానసిక చికిత్స కాగితాలు చూపవలసిన పని లేదు.

ఇచ్చిన అనుమతిని తరువాత ఉపసంహరించుకోవచ్చును. అప్పటి నుండి ఆ ఆసుపత్రి కొత్తగా రికార్డులు తెప్పించుకోజాలదు. గడువు తీరిన సమాచారాన్ని తమ వద్ద నుండి తొలగించవలసిన బాధ్యత కూడా ఉన్నది. అయితే వైద్యుడు చదివి తన కేస్ షీటులో రాసుకున్న మాట చెరిగిపోదు, అచ్చువేసి ఫైలులో పెట్టిన కాగితం వెనక్కి రాదు. కనుక ఉపసంహరణ హక్కు ఉన్నదన్న ధైర్యంతో చదవకుండా అంగీకారం తెలపడం సరికాదు.

చట్టం ఏమి చెబుతున్నది?

రోగి రహస్యాన్ని కాపాడాలన్న నియమం కంప్యూటర్ల కంటె ఎంతో పాతది. కాని ఆచరణలో అది ఎంత బలహీనంగా ఉండేదో 1998లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు చూపుతుంది. రక్తదానం చేసిన ఒక వ్యక్తికి హెచ్ఐవి ఉన్నట్లు ఆసుపత్రిలో తేలినది. ఆ విషయం బయటకు పొక్కడంతో నిశ్చయమైన వివాహం ఆగిపోయినది, స్వస్థలంలో నిలువనీడ లేకుండా పోయినది. పెండ్లికుమార్తె ప్రాణరక్షణ దృష్ట్యా వెల్లడి చేయడం తప్పు కాదని న్యాయస్థానం భావించినది. ఆ తీర్పుపై న్యాయకోవిదులలో చర్చ చాలాకాలం సాగినది.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించినది. అదే సంవత్సరం వచ్చిన హెచ్ఐవి, ఎయిడ్స్ నిరోధక, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చినది. దీని ప్రకారం విషయమంతా తెలియజేసి పొందిన అనుమతి లేకుండా ఒకరి హెచ్ఐవి స్థితిని వెల్లడించరాదు. జీవిత భాగస్వామికి చెప్పవలసి వచ్చినప్పుడు వైద్యుడు, కౌన్సిలరు అనుసరించవలసిన పద్ధతిని సైతం చట్టమే నిర్దేశించినది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా 2017లోనే వచ్చినది. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును, తన రికార్డును తాను చూసుకొనే హక్కును అది రోగికి కల్పించినది. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం మహిళ పేరు, వివరాలు చట్టం అధికారమిచ్చిన వ్యక్తికి తప్ప మరెవరికైనా వెల్లడించిన వైద్యునికి ఏడాది వరకు జైలుశిక్ష విధించవచ్చును.

అన్ని రకాల వ్యక్తిగత సమాచారానికి వర్తించే డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందినది. దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటించారు. సమాచారం సేకరించే సంస్థలపై పడే ప్రధాన బాధ్యతలు ఆ ప్రకటన వెలువడిన 18 నెలల తరువాత అమలులోకి వచ్చే విధంగా దశలు ఏర్పరచారు. అనుమతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత సులభంగా ఉపసంహరించుకొనే వీలుండాలని ఈ చట్టం చెబుతున్నది. తగిన భద్రతా చర్యలు తీసుకొనడంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించదగిన అంశం ఒకటి ఇందులో ఉన్నది. అనుమతి కోరే పత్రాన్ని ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా గాని చదువుకొనే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. అర్థం కాని భాషలో రాసిన షరతుల క్రింద వేలిముద్ర వేయించుకొనే రోజులకు ఈ నిబంధన స్వస్తి చెప్పవలసి ఉన్నది.

అనుమతి అవసరం లేని సందర్భాలు కొన్ని ఉన్నవి. ప్రాణాపాయ స్థితిలో తెలివి లేకుండా వచ్చిన వ్యక్తి సంతకం కోసం వైద్యుడు ఎదురుచూడనవసరం లేదు. అంటువ్యాధులు ప్రబలినప్పుడు చేపట్టే చర్యలకూ చట్టం మినహాయింపు ఇచ్చినది. క్షయ రోగుల వివరాలను ప్రైవేటు వైద్యులు సైతం ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుండి విధి. అయితే తెలియజేయవలసినది సంబంధిత అధికారికే తప్ప ఊరందరికీ కాదు.

పరిశోధన నిమిత్తం పేర్లు తొలగించి ఇచ్చే సమాచారం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పెద్ద నగరంలో పేరు తీసివేస్తే మనిషి మరుగున పడతాడు. మూడు వందల గడపలున్న గ్రామంలో "నలభై ఏళ్ల మహిళ, డయాలసిస్" అని రాస్తే పేరు రాయనవసరమే లేదు.

కౌంటరు వద్దనే అసలు పరీక్ష

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై జరిగిన దాడి కారణంగా అక్కడ రోజుల తరబడి పనులన్నీ చేతిరాతతోనే సాగించవలసి వచ్చినది. రికార్డులు ఎక్కడివక్కడే ఉండే విధానంలో ఒకచోట దాడి జరిగినా అన్నీ బయటపడవన్న మాట నిజమే. కాని ఇందులో ఇంకొక కోణం ఉన్నది. కాపలా భారం కూడా ఎక్కడికక్కడే పడుతుంది. పెద్ద ఆసుపత్రికి కంప్యూటరు నిపుణులు ఉంటారు. పది పడకల నర్సింగ్‌హోంలో ఒకే పాస్‌వర్డు నలుగురు వాడుకుంటే, రికార్డు చూసినది ఎవరో తరువాత తేల్చడం అసాధ్యం. ప్రతి ఉద్యోగికి వేరుగా పాస్‌వర్డు ఉండడం, ఎవరు ఎప్పుడు ఏ రికార్డు తెరిచినదీ నమోదు కావడం ఖర్చుతో కూడినవి కావు, అలవాటుతో కూడినవి. కేస్ షీటును ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే ధోరణి మానకపోతే ఎంత గట్టి సంకేతభాష అయినా రోగికి రక్షణ కల్పించజాలదు.

అంతకంటె సున్నితమైనది ఫోను సమస్య. ఈ విధానమంతా ఒక మనిషికి ఒక ఫోను ఉన్నదన్న భావనపై నిలిచి ఉన్నది. మన ఇళ్లలో ఒక ఫోను ఇంటిల్లిపాదికీ ఉండడం పరిపాటి. భార్య ఆధారుకు భర్త నంబరు, తల్లి ఆధారుకు కుమారుని నంబరు జతపరచి ఉండడమూ సాధారణమే. గర్భవిచ్ఛిత్తి చేయించుకున్న మహిళ పేరు బయటపెట్టరాదని చట్టం చెబుతున్నది. ఆమె రికార్డు అనుసంధానమైనదని ఆసుపత్రి నుండి వెళ్లే సందేశం మాత్రం ఇంట్లో వేరొకరి చేతిలోని ఫోనుకు చేరవచ్చును. హెచ్ఐవి మందులు తీసుకొనే వ్యక్తి, మానసిక వైద్యుని సంప్రదించిన కోడలు, పెండ్లి సంబంధాలు చూస్తున్న యువకుడు, వీరిలో ఎవరికైనా ఆ ఒక్క సందేశం జీవితాన్ని తలక్రిందులు చేయగలదు.

దీనికి పరిష్కారం లేకపోలేదు. ఆభా నమోదు సమయంలో ఆధారుతో జతపడిన నంబరుకు బదులు, సమాచారం అందుకొనేందుకు వేరొక నంబరు ఇవ్వవచ్చును. ఫలానా చికిత్సకు సంబంధించిన రికార్డును ఆభాకు అనుసంధానం చేయవద్దని ఆసుపత్రిలో ముందే చెప్పవచ్చును. కాని ఈ రెండు మార్గాలూ ఉన్నవని రోగికి చెప్పవలసినవారు కౌంటరులోని సిబ్బంది, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, ఆరోగ్యమిత్ర. "ఈ నంబరు మీదేనా అమ్మా, ఇంట్లో ఇంకెవరైనా చూస్తారా?" అని అడగడానికి అర నిమిషం చాలు. రోజుకు ఇన్ని ఆభాలు నమోదు చేయాలన్న తొందరలో ఆ అర నిమిషం కరవు కాకూడదు. నమోదు సంఖ్యలతో పాటు ఈ వివరణ జరుగుతున్నదా లేదా అన్న విషయాన్ని కూడా ఆసుపత్రి సూపరింటెండెంట్లు, జిల్లా అధికారులు తనిఖీ చేయడం సముచితం.

పౌరులు గమనించవలసినవి

ఆభా కోసం ఓటీపీ అడిగినప్పుడు అది ఎందుకోసమో తెలుసుకొన్న తరువాతనే చెప్పాలి. ఫోనులో పిలిచి ఆసుపత్రి నుండి మాట్లాడుతున్నామని ఓటీపీ అడిగేవారికి ఎట్టి పరిస్థితిలోను చెప్పరాదు. యాప్ ఉన్నవారు తాము ఇచ్చిన అనుమతులను అప్పుడప్పుడు చూసుకొని, అవసరం తీరినవాటిని ఉపసంహరించుకోవాలి. స్మార్టు ఫోను లేనివారు ఆభా వద్దని చెప్పినా, పూర్వం మాదిరిగా కాగితపు చీటీతోనే వైద్యం పొందవచ్చును. తమ వైద్య రికార్డుల ప్రతులు కావాలని లిఖితపూర్వకంగా కోరిన రోగికి 72 గంటలలో ఇవ్వాలన్న భారత వైద్య మండలి 2002 నాటి నిబంధన ఆభా ఉన్నవారికీ లేనివారికీ సమానంగా వర్తిస్తుంది.

అనుమతి లేకుండా తమ రికార్డు చూశారని, తెలియకుండా తమ పేరిట ఆభా సంఖ్య సృష్టించారని భావించినవారు ముందుగా ఆ ఆసుపత్రి అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ నిర్వహించే టోల్ ఫ్రీ నంబరు 14477కు కూడా ఫోను చేసి తెలియజేయవచ్చును.